పారిస్ ఓర్సే మ్యూజియంలో భోజనం: శాకాహారులకు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు పనికొస్తుందా?

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. పర్లాకిమిడి నుంచి మీరిద్దరూ డిసెంబరు మొదట్లో పారిస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్తున్నారు. ఓర్సే మ్యూజియంలో ఉన్న పెద్ద రెస్టారెంట్‌లో మీకు ఒక పూట భోజనం పెట్టించాలని అమ్మాయి ముచ్చట పడుతోంది. ముగ్గురికీ కలిపి పదివేల రూపాయలు దాటుతుందని తెలిసి మీరు వెనకాడుతున్నారు. మీ ఆవిడగారు గుడ్డు కూడా ముట్టరు, పైగా మార్గశిర లక్ష్మీవారాలు, అంటే గురువారం పూజలు, చేస్తారు. మీకేమో మోకాళ్ల నొప్పి. అక్కడ తినడం దండగా, చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు అని అడిగారు.

దండగ కాదు, వెళ్లండి. బుధవారం గానీ శుక్రవారం గానీ పెట్టుకోండి. పొద్దున్నే మ్యూజియంలోకి వెళ్లి, పన్నెండు కొట్టకముందే రెస్టారెంట్ గుమ్మం దగ్గర ఉండండి. అయితే విందు భోజనం అనుకుని మాత్రం వెళ్లకండి. మీరు డబ్బు పెట్టేది ముఖ్యంగా ఆ గది కోసం, ఆ గదిలో గంటన్నర నింపాదిగా కూర్చోవడం కోసం. వంట బాగానే ఉంటుంది కానీ, మన నోటికి అది రెండో విషయం. ఈ సంగతి ముందే మనసులో పెట్టుకుంటే బిల్లు చూసినప్పుడు బాధ ఉండదు.

మేం బరంపురం నుంచి పెద్దవయసు వాళ్లను చిన్న చిన్న బృందాలుగా యూరప్ తీసుకెళ్తుంటాం. గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసే వస్తారు. పారిస్‌లో మేం ఎప్పుడూ వదలని చోటు ఈ మ్యూజియం. పారిస్‌లోనే ఉన్న లూవ్ర్ అనే పెద్ద మ్యూజియం కంటే మన పెద్దవాళ్లకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. లూవ్ర్‌కు అంతుండదు, నడవలేక సగంలోనే నీరసం వస్తుంది. ఓర్సేను ఒక పూటలో తృప్తిగా చూడొచ్చు.

ముందు ఆ గది గురించి చెప్తాను. ఓర్సే మొదట రైల్వే స్టేషన్. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం విక్టర్ లాలూ అనే ఆర్కిటెక్ట్ కట్టాడు. స్టేషన్‌తో పాటే ఒక హోటల్ కూడా కట్టారు. కాలక్రమంలో రైళ్లు పొడవయ్యాయి, ఇక్కడి ప్లాట్‌ఫారాలు వాటికి చాల్లేదు. 1939 నుంచి దూరపు రైళ్లు ఆగిపోయి లోకల్ రైళ్లే మిగిలాయి. ఒక దశలో కూలగొట్టేద్దామన్నారు కూడా. చివరికి బాగుచేసి 1986 డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. మీరు తినబోయే గది ఆ పాత హోటల్ భోజనశాలే. బంగారు పూత నగిషీలు, కప్పు మీద వేసిన బొమ్మలు, వేలాడే పెద్ద షాండ్లియర్లు, ఎత్తైన కిటికీలు అన్నీ 1900 నాటి తీరులోనే ఉన్నాయి. భోజనం ఆర్డరిచ్చి ఎదురుచూసే ఇరవై నిమిషాలూ మా వాళ్లు మెడలెత్తి కప్పు చూస్తూనే ఉంటారు. మ్యూజియం టికెట్ లేకుండా ఈ రెస్టారెంట్‌లోకి వెళ్లడం కుదరదు కాబట్టి, చూడటం, తినడం ఒకే రోజు పెట్టుకోవాలి.

రోజు ఎంచుకోవడం దగ్గర చాలామంది తడబడతారు. ఓర్సేకు సోమవారం సెలవు. మంగళవారం తెరిచే ఉంటుంది కానీ ఆ రోజు లూవ్ర్‌కు సెలవు. దాంతో అక్కడికి వెళ్లాల్సిన జనం, సోమవారం ఇక్కడ చూడలేకపోయిన జనం, అందరూ ఇటే వచ్చి పడతారు. పక్కనే మీరు చూడాల్సిన ఓరాంజరీ మ్యూజియానికి కూడా మంగళవారమే సెలవు. శని, ఆదివారాల రద్దీ మీకు చెప్పక్కర్లేదు. ఇక మిగిలింది బుధ, గురు, శుక్రవారాలు.

గురువారం సంగతి మీ ఇంట్లో వేరు. ఆ రోజు మ్యూజియం రాత్రి పావు తక్కువ పది దాకా ఉంటుంది, సాయంత్రం ఆరు తర్వాత టికెట్ ధర కూడా తగ్గుతుంది. అందుకని ఇంటర్నెట్‌లో అందరూ గురువారం సాయంత్రమే వెళ్లమంటారు. మీకు మాత్రం వద్దంటాను. లక్ష్మీవారం నాడు పూజ చేసుకుని, పొద్దుపోయాక పరాయి వంటగదిలో ఏం కలిపారో తెలియని పళ్లెం ముందు కూర్చోబెడితే మీ ఆవిడగారికి ముద్ద దిగదు. ఆమె తినకుండా కూర్చుంటే మీకూ, అమ్మాయికీ మనసొప్పదు. మా బృందంలో ఆస్కా నుంచి వచ్చిన ఒకావిడ ఇలాగే లక్ష్మీవారం నాడు ఒట్టి టీ తాగి కూర్చున్నారు. మిగతా వాళ్లంతా ఆవిడ మొహం చూస్తూ గబగబా తినేసి లేచారు. ఆ గదిలో అలా తినడం కంటే వెళ్లకపోవడమే నయం.

లక్ష్మీవారానికి వేరే దారి ఉంది. అమ్మాయి ఇంట్లో పూజ కాగానే మెట్రోలో లా షాపెల్ వెళ్లండి. గార్ ద్యు నార్ అనే పెద్ద స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంటుంది. శ్రీలంక తమిళుల దుకాణాలతో ఆ వీధులు నిండి ఉంటాయి. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరికే హోటళ్లున్నాయి, వాటిలో పూర్తి శాకాహారానివీ ఉన్నాయి. ఆ చుట్టుపక్కలే మాణిక్క వినాయకర్ గుడి ఉంది. పూజకు బియ్యం, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ అక్కడే కొనుక్కోవచ్చు, పర్లాకిమిడి నుంచి మోసుకెళ్లక్కర్లేదు. కుదిరితే ముందు రోజే అమ్మాయి చేత తెప్పించి పెట్టుకోండి.

ఇప్పుడు మ్యూజియం రోజు శాకాహారం గురించి. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో శాకాహారం అంటే మాంసం, చేప లేనిదని అర్థం. గుడ్డు, చీజ్ ఉండొచ్చు. అంతకంటే చిక్కు సూపులతో, సాసులతో వస్తుంది. పైకి కూరగాయల సూపే, అడుగున కోడి ఎముకలు మరిగించిన నీళ్లు. పారిస్‌లోనే ఒక చిన్న కఫేలో మా వాళ్లకు ఉల్లిపాయ సూపు తెచ్చిపెట్టారు. వెయిటర్ నవ్వుతూ వెజిటేరియన్ అనే చెప్పాడు. అనుమానం వచ్చి వంటవాణ్ణి పిలిపించి అడిగితే గొడ్డు మాంసం రసంలో ఉడికించామన్నాడు. వాళ్ల దృష్టిలో అబద్ధం ఏమీ లేదు, పళ్లెంలో ముక్క కనిపించలేదు కదా.

అందుకని మేం చేసే పని ఇది. శాకాహారమా అని అడగం, ఏ పదార్థాలు ఉండకూడదో పేరుపేరునా రాసిన చీటీ చూపిస్తాం. మాంసం, చేప, గుడ్డు, మాంసం రసం, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) వద్దు అని అమ్మాయి చేత ఫ్రెంచ్‌లో రాయించి మీ ఆవిడగారి పర్సులో పెట్టండి. ఇంకో కిటుకు ఉంది. యూరప్ చట్టం ప్రకారం అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో హోటల్ వాళ్లు తప్పకుండా చెప్పాలి. గుడ్డు, పాలు, చేప ఆ జాబితాలో ఉన్నాయి. వంటకాల వారీగా ఆ జాబితా చూపించమని అడిగితే గుడ్డు సంగతి అక్కడే తేలిపోతుంది. మాంసం ఆ జాబితాలో ఉండదు కాబట్టి చీటీ కూడా కావాలి. కొన్ని చీజ్‌ల తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ పట్టింపు ఉంటే చీజ్ మొత్తానికే వద్దని చెప్పేయడం మేలు.

ఫ్రాన్స్‌లో రెస్టారెంట్లు మెనూనూ ధరలనూ బయట పెట్టాలి. పొద్దున లోపలికి వెళ్లినప్పుడే ఒకసారి ఆ గుమ్మం దాకా నడిచి, ఆ రోజు మీ ఆవిడగారికి సరిపడేది ఏముందో అమ్మాయిని చదవమనండి. మెనూ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి పాత ఫొటోలు నమ్ముకోవద్దు. సరిపడేది లేకపోతే ఆ గదిలో భోజనానికి బదులు, భోజనాల వేళ దాటాక టీకి వెళ్లొచ్చేమో అక్కడే కనుక్కోండి. గది అదే, ఖర్చులో సగం కూడా కాదు. నిజానికి చాలామంది శాకాహారులకు నేను ఇదే ముందు చెప్తాను. మీ విషయంలో భోజనమే అన్నాను, ఎందుకంటే అమ్మాయి ముచ్చట భోజనం పెట్టించాలని.

తినడం దగ్గర ఇంకొన్ని మాటలు. బ్రెడ్ ఉచితంగా తెచ్చి పెడతారు, అడిగితే మళ్లీ తెస్తారు. అక్కడి మామూలు బగెట్ బ్రెడ్‌లో పిండి, నీళ్లు, ఈస్ట్, ఉప్పు తప్ప గుడ్డూ పాలూ ఉండవు. పై పెంకు కరకరలాడుతుంది, పళ్ల ఇబ్బంది ఉంటే లోపలి మెత్తటి భాగం తుంచుకుని సలాడ్‌తో తినొచ్చు. నీళ్లు అడిగేటప్పుడు "కరాఫ్ దో" అనండి, కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు. ఊరికే వాటర్ అంటే సీసా తెచ్చి బిల్లులో కలుపుతారు. టిప్ తప్పనిసరి కాదు, సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది. తీపిలో చాక్లెట్ మూస్, క్రెమ్ బ్రూలే, టార్ట్‌లలో గుడ్డు ఉంటుంది. పండ్ల సోర్బే అయితే సాధారణంగా ఉండదు, అయినా ఒక మాట అడిగి తీసుకోండి. మనిషికి 30 నుంచి 40 యూరోలు పట్టుకోండి. వైన్ జోలికి వెళ్లకపోతే ఆ లోపే తేలుతుంది.

ఐదో అంతస్తులో కఫే కంపానా అని ఇంకొకటి ఉంది. బ్రెజిల్‌కు చెందిన కంపానా సోదరులు దాన్ని డిజైన్ చేశారు. ఆ కఫే స్టేషన్ నాటి పెద్ద గడియారం అద్దానికి వెనక ఉంటుంది, చూడ్డానికి సరదాగా ఉంటుంది. కుర్రకారుకు అదే నచ్చుతుంది. అక్కడ క్యూ ఎక్కువ, సందడి ఎక్కువ. మోకాళ్ల నొప్పితో క్యూలో నిలబడటం ఎందుకు, మీకు కింది గదే మంచిది.

మోకాళ్ల సంగతికి వస్తే, పైనుంచి కిందికి చూసుకుంటూ రండి. మ్యూజియం తొమ్మిదిన్నరకు తెరుస్తారు. తెరవగానే రెస్టారెంట్ గుమ్మం దగ్గర మెనూ చూసుకుని, లిఫ్ట్‌లో ఐదో అంతస్తుకు వెళ్లండి. మోనే, రెన్వార్, దెగా అనే ఫ్రెంచ్ చిత్రకారుల బొమ్మలు అక్కడ ఉంటాయి. పదిన్నర దాటితే ఆ గదుల్లో బొమ్మల కంటే వీపులే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ పెద్ద గడియారం ముందు నిలబడి ఫొటో దిగండి, అంకెల సందుల్లోంచి సెన్ నది, అవతలి ఒడ్డు కనిపిస్తాయి. గంటన్నర తర్వాత లిఫ్ట్‌లోనే మధ్య అంతస్తుకు దిగితే రెస్టారెంట్ అక్కడే. భోజనం అయ్యాక కింది హాలు. ఈ వరసలో మెట్లు ఎక్కే పని ఉండదు. వీల్‌చైర్ కావాలంటే గుర్తింపు కార్డు పెట్టుకుని ఉచితంగానే ఇస్తారు, మొహమాటపడకండి. మా బృందాల్లో మొదట వద్దన్నవాళ్లే తర్వాత అమ్మయ్య అనుకున్నారు.

కింది అంతస్తులో మిలే అనే చిత్రకారుడు వేసిన బొమ్మ ఒకటి తప్పకుండా చూడండి. 1857 నాటిది. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్లు పరిగె ఏరుకుంటుంటారు. ఇద్దరు నడుం పూర్తిగా వంచి కంకులు అందుకుంటుంటే, మూడో ఆవిడ సగం వంగి ఉంటుంది. వెనక దూరంగా ఆసామి కుప్పలు, బండి, గుర్రం మీద ఒక మనిషి కనిపిస్తారు. మిగతా గదుల్లో గబగబా నడిచిన మన పల్లెల వాళ్లు ఈ బొమ్మ దగ్గర ఆగిపోతారు. ఛత్రపురం దగ్గరి నుంచి వచ్చిన ఒక రైతు, ఆ మూడో ఆవిడ చేతిలోని గుప్పెడు చూపించి, ఆమె పొద్దుటి నుంచి ఏరింది అంతేనేమో అన్నాడు. నేను ఎన్నోసార్లు చూసిన బొమ్మే, ఆ గుప్పెడు మీదికి నా చూపు అంతవరకు పోలేదు. గైడ్ అవసరం లేకుండా మనవాళ్లు చదువుకోగలిగే బొమ్మ ఇది. భోజనం తర్వాత కాళ్లు లాగుతున్నా దీనికోసం పది నిమిషాలు ఉంచుకోండి.

ఇక చుట్టుపక్కల. డిసెంబరులో పారిస్‌లో సాయంత్రం ఐదుకల్లా చీకటి పడుతుంది. కాబట్టి రెండు గంటలకల్లా ఓర్సే నుంచి బయటపడాలి. ఎదురుగానే సెన్ నది మీద సేంఘోర్ పేరుతో నడక వంతెన ఉంది, దాని మీదుగా అవతలికి వెళ్తే ట్విలరీ తోట. ఆ కాలంలో చెట్లకు ఆకు ఉండదు, పూలు ఉండవు, ఒట్టి దారి అనుకుని నడవండి. తోట చివర, కాన్‌కార్డ్ కూడలి వైపు, ఓరాంజరీ మ్యూజియం ఉంది. మోనే గీసిన కలువపూల చెరువు బొమ్మలు అక్కడ ఉన్నాయి. రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో గోడల పొడవునా ఎనిమిది పెద్ద చిత్రాలు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన సందర్భంగా మోనే దేశానికి ఇచ్చాడు, ఆయన పోయిన మరుసటి ఏడాది 1927లో జనానికి తెరిచారు. పైకప్పులోంచి పగటి వెలుతురే పడేలా ఆ గదులు కట్టారు. అందుకే నాలుగు లోపు వెళ్లమంటున్నాను, వెలుతురు పోయాక చూస్తే సగం అందం పోతుంది. గది మధ్యలో కూర్చోవడానికి బెంచీలున్నాయి. మీ మోకాళ్లకు ఇంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. అరగంట కూర్చున్నా లేవమనేవాళ్లు ఉండరు.

బయటికి రాగానే కాన్‌కార్డ్ కూడలిలో ఈజిప్టు రాతి స్తంభం కనిపిస్తుంది. లక్సర్ గుడి ముందు ఉండేది, మూడువేల ఏళ్ల పైబడినది. 1836లో ఇక్కడ నిలబెట్టారు. అప్పటికి చీకటి పడుతూ ఉంటుంది, అక్కడి నుంచే ఈఫిల్ టవర్ దీపాలు కూడా కనిపిస్తాయి. ఆ రోజుకు అంతే చాలు, టవర్ దాకా నడవాలని పంతానికి పోకండి. కాన్‌కార్డ్‌లోనే మెట్రో ఉంది.

ఓర్సేకు నడక దూరంలో రోదాన్ అనే శిల్పి మ్యూజియం కూడా ఉంది. "ఆలోచనాపరుడు" విగ్రహం ఆ తోటలోనే ఉంటుంది. మంచి చోటే, కానీ అందులో సగం ఆనందం ఆరుబయటే. డిసెంబరు చలిలో మీ వయసు వాళ్లకు నేను చెప్పను. లూవ్ర్ కూడా ఇదే రోజున ఇరికించకండి. నడవలేం అనిపిస్తే నది మీద బాటోబస్ అనే పడవ సర్వీసు ఉంది, ఓర్సే దగ్గర ఆగుతుంది. చలికాలంలో వేళలు తక్కువ, చూసుకుని ఎక్కండి. పొద్దున ఓర్సేకు వచ్చేటప్పుడు లోకల్ రైలు ఆర్‌ఈఆర్ సి లైన్‌లో వస్తే మ్యూజియం పేరుతోనే స్టేషన్ ఉంది, దిగితే గుమ్మం ముందే ఉంటారు.

టికెట్లు ఆన్‌లైన్‌లో సమయం ఎంచుకుని ముందే కొనండి. నేను చివరిగా కొన్నప్పుడు మనిషికి 16 యూరోలు. మీ అమ్మాయి వయసు 26 లోపు ఉండి, అక్కడ నివాస అనుమతి ఉంటే ఆమెకు ఉచితం, ఆ కార్డు వెంట తెచ్చుకోమనండి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. పారిస్ వీధుల్లో బాత్రూమ్ దొరకడం కష్టం, కాబట్టి మ్యూజియం నుంచి బయటికి వచ్చేముందు ఆ పని చూసుకోండి.

చివరగా సామాను గురించి, మీరు అడగకపోయినా చెప్తున్నాను. అమ్మాయికి ఇష్టమని ఛెనా పొడ, పాలకోవా, నెయ్యి సర్దుకుంటారేమో. యూరప్‌లోకి మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. బరంపురం అప్పడాలు, ఆవకాయ, వడియాలకు ఇబ్బంది రాలేదు మా వాళ్లకు ఎప్పుడూ. పచ్చడిని రెండు కవర్లలో చుట్టి, చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.